తుప్పు ఎవరి పేరున రాయమంటారు

చల్లగెడ్డలో బండికి పట్టాల్సిన తుప్పును యజమాని తన ఒంటి మీదకి రాయించుకోవచ్చు. అందుకు ఒక దరఖాస్తు, రెండు ఫొటోలు, తుప్పు పట్టాల్సిన అవయవం పేరు ఉంటే చాలు. ఈ వీలుందన్న సంగతి బోడసింగి తవిటినాయుడికి నలభై మూడో ఏట, కొత్త పికప్ కొన్న తొమ్మిదో వారంలో తెలిసింది. అంతకుముందు సొంత బండి లేదు గనక తెలియాల్సిన పని పడలేదు.

చల్లగెడ్డ కొండ మీది ఊరు. కార్తీకం నుంచి మాఘం దాకా అక్కడ మంచు కురుస్తుంది. పొగమంచు కాదు, మోకాలి లోతున పేరుకునే తెల్లమంచు. తెల్లారగానే మునిసిపాలిటీ ట్రాక్టర్లు దారుల నిండా ఉప్పు చల్లుకుంటూ పోతాయి. ఉప్పు పడితే మంచు కరుగుతుంది, మంచు కరిగితే బళ్ళు నడుస్తాయి, బళ్ళు నడిస్తే ఉప్పునీళ్ళు కిందనుంచి చిమ్మి ఇనుమును తింటాయి. మూడేళ్ళు దాటిన బండికి ఆ ఊళ్ళో అడుగుభాగం ఉండదు. డ్రైవరు కాళ్ళ కింద రోడ్డు పరుగెడుతూ కనబడుతుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పులు జారిపోకుండా కాలికి పురికొస కట్టుకుంటారు.

తవిటినాయుడు పదహారేళ్ళు పరాయి బళ్ళు నడిపాడు. క్యాబేజీ, క్యారెట్, రాజ్మా కొండ దింపడం, ఖాళీ గోతాలు కొండెక్కించడం. సొంతానికి తెల్ల పికప్ వచ్చిన రోజున దాని కింద చాప పరుచుకుని పడుకుని, టార్చిలైటు వేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"పసిబిడ్డ అరికాల్లాగుంది నీలవేణీ," అన్నాడు బండి కిందనుంచి.

"మన పిల్ల అరికాలు నువ్వెప్పుడు చూశావు మావా. అప్పుడు లోడు మీద ఉన్నావు కదా," అంది భార్య. దెప్పడానికి అనలేదు. చాప అంచు బురదలో పడకుండా ఎత్తిపట్టుకుని ఉంది.

బండిని కాపాడుకోవడంలో అతను ఏ లోటూ చెయ్యలేదు. మంచు మొదలవక ముందే మెకానిక్ ఖాదర్ వలీ దగ్గరికి తీసుకెళ్ళి అడుగంతా కడిగించి, రెండు రోజులు ఆరబెట్టించి, నూనె పూత కొట్టించాడు. తలుపుల కింద నీళ్ళు దిగే చిల్లులుంటాయి, వాటిలో పూత ఇరుక్కుంటే నీళ్ళు లోపలే నిలిచి తింటాయని వలీ చెబితే, పుల్లతో ఒక్కో చిల్లులోంచీ పూత తనే తీశాడు. వారానికోసారి అడుగు కడిగాడు. కాళ్ళ కింద రబ్బరు పట్టాలు తీసి పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. చలికి ఇబ్బంది పడుతుందేమోనని షెడ్డులో కుంపటి కూడా పెట్టాడు గానీ, వలీ వచ్చి చూసి తీయించేశాడు.

"ఉప్పు తడి మీద వెచ్చదనం పెడతావా నాయుడూ? చల్లగా ఉంటే నెమ్మదిగా తింటాది. వెచ్చగా ఉంటే పెళ్ళిభోజనమే."

కుంపటి ఇంట్లోకి వచ్చింది. ఇంట్లోంచి వెళ్ళిందే గనక నీలవేణి దాన్ని పాత చోటే పెట్టింది.

ఇంత చేసినా తొమ్మిదో వారంలో వెనక చక్రం పైన ఆవగింజంత మచ్చ కనబడింది. తవిటినాయుడు వెంటనే బండిని వలీ దగ్గరికి తోలుకుపోయాడు. వలీ దాన్ని గోటితో గీకి, వాసన చూసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇది మన తప్పు కాదు. ఆఫీసు కోటా. వెళ్ళి మాట్లాడుకో."

తుప్పు కేటాయింపుల కార్యాలయం కూరగాయల మార్కెట్టు మేడ మీద ఉంది. ఒకటే కౌంటరు. అక్కడ కమలకుమారి గారనే అధికారిణి స్వెట్టరు మీద చీర కట్టుకుని, ముందు అందరినీ కూర్చోమని, తర్వాత కుర్చీలు లేవని చెబుతుంది. తవిటినాయుడు తన జాగ్రత్తలన్నీ వరసగా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"మీరు చేసినవన్నీ మంచివేనండీ. ఇంకొకరైతే ఇంత చెయ్యరు. కానీ మంచు కురిసింది. ఉప్పు చల్లాం. తుప్పు తయారైంది. తయారైన తుప్పు ఎక్కడో ఒకచోట పట్టాలి కదండీ, గాల్లో ఉంచలేం. మీ బండికి ఈ ఏడు వచ్చింది నాలుగు శాతం."

"అది తప్పించడానికి దారి లేదా మేడమ్?"

"తప్పించడానికి లేదు. మార్చడానికి ఉంది. ఎవరి పేరున రాయమంటారు?"

తవిటినాయుడికి అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. యజమాని పేరున రాయొచ్చు. కట్టుకున్నవాళ్ళూ కడుపున పుట్టినవాళ్ళూ ఒప్పుకుంటే వాళ్ళ పేరునా రాయొచ్చు. పశువుల పేరున రాయడం కిందటేడుతో ఆగిపోయింది. పాలు ఎర్రగా వస్తున్నాయని డెయిరీ వాళ్ళు ఫిర్యాదు పెట్టారు.

"నా పేరునే రాయండి."

"ఏ భాగం?"

"ఏదైనా పర్లేదు."

"ఏదైనా అని దరఖాస్తులో గడి లేదండీ."

తవిటినాయుడు పాత బండిని బేరానికి చూసినట్టు తనను తాను పైనుంచి కిందికి చూసుకున్నాడు. చొక్కా కింద కనబడదని కుడి మోచెయ్యి చెప్పాడు. ఆమె ముద్ర వేసింది. మెట్లు దిగి వచ్చి చూస్తే చక్రం మీది మచ్చ లేదు. ఆ చోటు మిగతా చోట్ల కన్నా తెల్లగా ఉంది. అతను ఈలవేసుకుంటూ ఇంటికి పోయాడు.

ఆ పూట అన్నం తింటుంటే ముద్ద నోటికి ఎత్తినప్పుడల్లా కిర్రుమంది. నీలవేణి తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, చివరికి మొగుడి చెయ్యి చూసింది. చొక్కా చెయ్యి మడిచి, చింతపండు తెచ్చి, ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. చింతపండు ఎర్రబడింది గానీ మచ్చ కదల్లేదు.

"నన్నడక్కుండా రాయించుకున్నావా?"

"ఒకసారి బండి చూసిరా. అద్దంలాగుంది."

ఆమె వెళ్ళలేదు. మోచేతికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద కొబ్బరినూనె పోసింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు మోచేతి మీద చిన్న సుత్తితో కొట్టి, దానికి చెవి ఆనించి విన్నాడు. ఇది తన విభాగం కిందికి రాదని, వెల్డింగు వాళ్ళని కలవమని చీటీ రాసిచ్చాడు. తవిటినాయుడు వలీ దగ్గరికే వెళ్ళాడు. వలీ అతన్ని బళ్ళు ఎత్తే జాకీ బల్ల మీద పడుకోబెట్టి, మనిషెత్తు లేపి, మోచేతుల సందుల్లోనూ చంకల కిందా నూనె కొట్టాడు.

"ముక్కూ చెవులూ తెరిచే ఉంచు. అవి మూసుకుంటే లోపల్నుంచి తింటాది," అన్నాడు. "ఉప్పుచేప మానెయ్యి."

మర్నాటి నుంచీ నీలవేణి ఇంట్లో చప్పిడి కూర వండింది. తనకి కూడా విడిగా వండుకోలేదు.

రెండో ఏడు మంచు ఎక్కువ కురిసింది, కాబట్టి ఉప్పు ఎక్కువ పడింది, కాబట్టి కోటా పెరిగింది. తవిటినాయుడు రెండు మోకాళ్ళూ, ఎడమ భుజమూ రాయించుకున్నాడు. క్లచ్చి తొక్కడం కుదరక నీలవేణికి డ్రైవింగు నేర్పాడు. ఆమె పదకొండు రోజుల్లో నేర్చుకుంది. కొండ మలుపుల్లో అతనికన్నా చక్కగా తిప్పేది. అతను పక్క సీట్లో కూర్చుని, గుంటలో నీళ్ళు కనబడ్డప్పుడల్లా "చిమ్మకుండా, చిమ్మకుండా" అనేవాడు.

మార్కెట్లో హమాలీలు బండి చుట్టూ తిరిగి చూసేవాళ్ళు. "కొత్తదా నాయుడూ?" అని అడిగేవాళ్ళు. "రెండో ఏడు నడస్తంది," అనేవాడు. వాళ్ళు నమ్మక కిందికి వంగి చూసి, నోరు తెరుచుకుని లేచేవాళ్ళు. ఆ క్షణాన తవిటినాయుడికి ఎక్కడా నొప్పి తెలిసేది కాదు. పెళ్ళిలో కూడా తనను అంతమంది ఒక్కసారి చూళ్ళేదని నీలవేణితో ఓసారి చెప్పాడు.

అతను కూర్చున్న సీట్లో ఎర్ర పొడి రాలడం మొదలైంది. మొదట గోనెపట్టా వేసుకుని కూర్చున్నాడు. దాన్నీ దాటి పొడి రాలుతుంటే బండి ఎక్కడం మానేశాడు. లోడు ఎత్తించి, నీలవేణిని పంపించి, తాడు బిగింపు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి కొంతదూరం వెనకే నడిచి, ఇంటికి తిరిగొచ్చేవాడు. రెండు ఫర్లాంగులకి గంటన్నర పట్టేది. వానపడితే ఎవరో ఒకరి అరుగు మీద ఆగి, ఆరిన తర్వాత బయల్దేరేవాడు.

మూడో ఏడు మెడా వీపూ నడుమూ రాయించుకున్నాక ఫిట్‌నెస్ పరీక్షకి పిలుపు వచ్చింది. ఇనస్పెక్టరు బండిని లేపి, దించి, కొట్టి, గోకి, కాగితం మీద "మచ్చ లేదు" అని రాశాడు. రాసి, చాలా ఏళ్ళ తర్వాత ఈ మాట రాస్తున్నానన్నాడు. తర్వాత యజమానిని పిలిచాడు. తవిటినాయుడి వీపు మీద వేలితో తట్టాడు. మెడ దగ్గర అయస్కాంతం పెట్టాడు. నడుము దగ్గర స్క్రూడ్రైవరుతో మెల్లగా నొక్కితే అది పిడి దాకా లోపలికి పోయింది.

"నొప్పెట్టిందా?"

"లేదండీ."

"అదే ఇబ్బంది," అన్నాడు ఇనస్పెక్టరు. "బండి పాసయింది. మీరు కాలేదు. ఇంత మంచి బండి ఇలాంటి యజమాని చేతిలో ఉండటానికి రూలు ఒప్పుకోదు. నెల్లోపు తుప్పయినా తగ్గించుకోండి, బండినైనా ఇంకొకరికి అప్పజెప్పండి."

నీలవేణి మర్నాడే మొగుణ్ణి బండిలో గోనెపట్టా మీద కూర్చోబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళింది. అతను మెట్లు ఎక్కలేడని కమలకుమారి గారే ఫైలు పట్టుకుని కిందికి వచ్చింది. కౌంటరు బల్లని కూడా ఇద్దరు మోసుకొచ్చి మార్కెట్టు గేటు ముందు పెట్టారు. వరసలో ఉన్నవాళ్ళు బల్ల వెంటే దిగి వచ్చి, మళ్ళీ అదే వరసలో నిలబడ్డారు.

"తిరిగి రాసెయ్యండమ్మా," అంది నీలవేణి. "దాని తుప్పు దానికే పోనీ. మాకొద్దు."

"తప్పకుండానండీ. బండి ఒప్పుకోవాలి, అంతే."

పద్ధతి తేలిక. ఇంజను ఆపి తాళంచెవి బల్ల మీద పెట్టాలి. బండి దగ్గర ఎవరూ ఉండకూడదు. మూడు నిమిషాల్లో బండి తనంతట తాను హారన్ కొడితే ఒప్పుకున్నట్టు.

"తనంతట తాను ఎలా కొడతాదండీ?"

"కొన్ని కొట్టాయండీ. కిందటి నెల ఓ పాత జీపు ఐదుసార్లు కొట్టింది. దాని యజమాని ఇక్కడే కూలబడి ఏడ్చాడు," అంది కమలకుమారి గారు, గడియారం చూసుకుంటూ.

అందరూ తెల్ల పికప్ వైపు తిరిగారు. ఎండ పడి అది మెరుస్తోంది. మొదటి నిమిషంలో కూరగాయల వాళ్ళు బేరాలు ఆపేశారు. రెండో నిమిషంలో నీలవేణి కొంగు అంచు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టి, వేలు తెల్లబడే దాకా చుట్టింది. తవిటినాయుడు బండి ముఖం వైపు చూడలేదు. చక్రాల వైపు చూస్తూ ఉన్నాడు. మూడో నిమిషం అయిపోయింది. హారన్ మోగలేదు.

కమలకుమారి గారు "సమ్మతించలేదు" అని రాసుకుంది.

"చిన్నది," అన్నాడు తవిటినాయుడు. "దానికేం తెలుసు."

నీలవేణి బండి దగ్గరికి వెళ్ళి, దాని బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. బండిని కొడుతుందేమో అనుకున్నారు చూస్తున్నవాళ్ళు. తిరిగొచ్చి బల్ల ముందు నిలబడింది.

"సగం నా పేరున రాస్తే ఈయన పాసవుతాడా?"

"అవుతారండీ. ఉమ్మడి యాజమాన్యం అంటాం. చాలామంది అలాగే చేస్తారు."

"వద్దు నీలవేణీ," అన్నాడు తవిటినాయుడు. మూడేళ్ళలో తుప్పు విషయంలో అతను వద్దన్నది అదొక్కసారే. "బండి ఇచ్చేద్దాం."

"ఇచ్చేసి? ఇంకో పదహారేళ్ళు పరాయి బండి తోలుతావా, ఈ మోకాళ్ళతో?" అని ఆమె బల్ల వైపు తిరిగింది. "నడుం రాయండమ్మా. అది ఎప్పుడో పోయింది."

ముద్ర పడింది. నీలవేణి ఒక్కసారి ముందుకి వంగి, మళ్ళీ నిటారుగా నిలబడింది. పూర్తిగా కాదు, కొంచెం తక్కువగా. తవిటినాయుడి భుజం వదులైంది. ఆశ్చర్యంగా చెయ్యి తల దాకా ఎత్తి చూసుకున్నాడు. ఏడాది తర్వాత తన తల తను గోక్కున్నాడు. అది ఎంత హాయిగా ఉందో ఆమెకి చెప్పబోయి, మానేశాడు.

వరసలో తర్వాత ఉన్నది కొత్తగా పెళ్ళైన జంట. ఇద్దరి చేతుల్లోనూ ఒకటే ప్లాస్టిక్ కవరు, అందులో కొత్త ఫ్లాటు కాగితాలు. స్లాబులో కడ్డీలకీ కిటికీ ఊచలకీ కలిపి వాళ్ళకి తొలి ఏడు తొమ్మిది శాతం వచ్చింది. కుర్రాడు బెరుగ్గా తవిటినాయుడి దగ్గరికి జరిగాడు.

"అన్నా, నొప్పెడతాదా?"

తవిటినాయుడు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి అలవాటు లేదు.

"అలవాటవుతాది బాబూ. ఎడమ చేత్తో మొదలెట్టండి. కుడి చేత్తో సంతకాలుంటాయి."

కుర్రాడు తలూపి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె అప్పటికే ఎడమచేతి గాజులు మోచేతి పైకి తోసుకుంటోంది.