పసుపు గుర్తుతో ముప్పావుగంట మహాసంగ్రామం

చదివే పెద్దలు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఒకటో ఏట. వత్తులు ఇప్పటికీ నా కలం కింద కుదురుగా నిలబడవు, పక్కకు జారుతుంటాయి. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. పెద్ద పెద్ద సమాసాలు మాత్రం జంకు లేకుండా వాడతాను. అవి అక్షరాల కంటే నలభై ఏళ్లు ముందే చెవుల గుండా వచ్చి నా లోపల కాపురం పెట్టాయి. చదువుకోనివ్వని వాళ్లు కూడా పురాణాలు వినడానికి అడ్డు చెప్పలేదు మరి.

ఇక యుద్ధం.

మధ్యాహ్నం రెండుంబావు వేళ, ప్రచండ మార్తాండుడు ఎదురు మేడ మీది నల్లటి నీళ్ల ట్యాంకును కుతకుత ఉడికిస్తుండగా, మూడో అంతస్తులో, ఒక కిటికీ, ఒక మంచం, ఒక బల్ల, ఒక ఫ్యాను చతురంగ బలాలుగా గల మా గదిలో, ధూళిధూసరిత కృష్ణవర్ణ పేటికాకారుడైన కంప్యూటరు ఎదుట, ముడి వీడిన కేశపాశంతో, స్వేదబిందు విరాజిత లలాటంతో, దక్షిణ హస్తాన మూషికాన్ని పీక పిసికినట్టు పట్టుకుని, నా కోడలు ఆసీనురాలై ఉంది.

మూడు గంటలకు ఆమెకు పరీక్ష. ఆసుపత్రికి వచ్చే ఫోన్లు ఎత్తి, ఎవరికేం కావాలో విని రాసుకునే ఉద్యోగం కోసం. కూర్చుని చేసే పని. ఏడేళ్లుగా బట్టల దుకాణంలో రోజుకు పది గంటలు నిలబడి నిలబడి ఆమె పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. ఆ పరీక్షలో కంప్యూటరు మాట్లాడితే విని జవాబు చెప్పాలి. ఇవాళ తప్పితే మళ్లీ ఏడాదికి.

కంప్యూటరుకేమో మాట పడిపోయింది.

దీనికి కారకుడు నా కుమారరత్నం. నిన్న పొద్దున్న యంత్రం నెమ్మదించిందని, అందులో ఉన్నదంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది ఎక్కించి, చేతులు దులుపుకుని లారీ ఎక్కి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్నా ఇంతే. గోడగడియారం బాగుచేస్తానని విప్పి, ముల్లు ఒకటి మిగిల్చి స్వర్గానికి వెళ్లాడు. ఆ ముల్లు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

కోడలి తమ్ముడు వేరే ఊళ్లో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేట్టు అతణ్ణి యుద్ధరంగంలోకి దించాం.

"అక్కా, కంగారుపడకు. లోపల శబ్దం చేసే ముక్క ఒకటుంటుంది. దానికి డ్రైవర్ కావాలి. అంటే సిస్టమ్‌కీ ఆ ముక్కకీ మధ్య దుబాసీ అన్నమాట. బావ పాత దుబాసీని కూడా తుడిచేశాడు. పెట్టె మీద స్టిక్కర్ ఉందా? చదువు."

కోడలు చదివింది. అతను చెప్పిన దుబాసీని ఇంటర్నెట్‌లోంచి తెచ్చి ఎక్కించింది. యంత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఇది మా ఆయన పాత సామాన్ల దుకాణంలో కొన్నాడ్రా," అంది కోడలు నీరసంగా.

"ఓర్నాయనో, ముందే చెప్పొద్దూ! అయితే పెట్టె ఒకడిది, పేగులు ఇంకొకడివి. స్టిక్కర్ని నమ్మకూడదు. డివైస్ మేనేజర్ తెరువు. లోపలున్న ముక్కలన్నీ వరసగా కనపడతాయి. సౌండ్ కింద ఏముంది?"

"డిస్‌ప్లే ఆడియో అని ఉంది."

"ఆడియో అంటే అదే. దాని నంబరు చెప్పు."

చెప్పింది. తొందరలో ఒక అంకె మింగింది. అతను నాలుగుండాలన్నాడు. మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకోటి మింగింది. మూడోసారికి కుదిరింది. ఆ నంబరుకు తగిన దుబాసీని ఎక్కించబోతే, 'ఇది మీ దగ్గర ఇప్పటికే ఉంది' అని యంత్రం మూతి విరిచింది. అప్పటికి రెండు గంటల ముప్పై మూడు నిమిషాలు.

కోడలు మూషికాన్ని వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నా రాత ఇంతే అత్తయ్యా. మళ్లీ ఆ దుకాణంలోనే నిలబడి చస్తాను."

ఆ క్షణాన, మంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్లేరుతున్న నేను, చేట పక్కనపెట్టి, కళ్లద్దాలు ధరించి, ముక్కాలిపీటను రథంగా ఈడ్చుకుంటూ రణభూమి ప్రవేశించాను. పెద్దవాళ్ల చదువుల బడిలో నన్ను 'వేలమ్మ' అనేవారు. కిందన వేలు ఆనించకుండా నేను ఒక్క అక్షరం కూడా చదవను. మిగతావాళ్లు మాటను దూరం నుంచి చూసి గుర్తుపట్టేస్తారు. నాకు ప్రతి అక్షరం గడపలోకి వచ్చి మొహం చూపించాల్సిందే.

అలా వేలు పెట్టి పైనుంచి కిందకు దిగుతుంటే, అట్టడుగున కనిపించాడు వాడు! శిరస్సున పీతవర్ణ త్రికోణ కిరీటం, కిరీట మధ్యంలో నిటారుగా నిలిచిన ఆశ్చర్యార్థకం. అమ్మో అనిపించే ఆ గుర్తు నాకు తెలుగు వాచకంలోనే పరిచయం.

"ఈ పసుపు టోపీవాడెవడే?"

"అన్‌నోన్ డివైస్ అత్తయ్యా. అంటే ఎవరో తెలీదని. పేరే లేనిదాంతో మనకేం పని?"

"అదేంటే? పేరు రాయలేదని పని చెయ్యలేదనా? నా పేరు ఎన్ని కాగితాల్లో ఉంది? ఫలానావాడి పెళ్లాం అని కొన్నాళ్లు, ఫలానావాడి తల్లి అని కొన్నాళ్లు. మరి నలభై ఏళ్లు ఇంటెడుమందికీ వండింది ఎవరు, ఆ కాగితాలా?"

ఫోన్లో తమ్ముడు నెత్తి కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"అత్తయ్యగారూ, మీరు దేవతండీ! అక్కా, నువ్వు చెప్పింది తెరలో ఉండే ఆడియో. దానికి జబ్బేం లేదు. జబ్బున్నదానికే పసుపు గుర్తుంటుంది. నాదే బుద్ధితక్కువ, ముందే అడగాల్సింది. దాని మీద కుడి బటన్ నొక్కు. ప్రాపర్టీస్. డీటెయిల్స్. అక్కడ హార్డ్‌వేర్ ఐడీలు అని ఎంచుకో."

పొడవాటి బారు ఒకటి ప్రత్యక్షమైంది. గీతలూ అంకెలూ అక్షరాలూ పెనవేసుకున్న నాగబంధం.

"వీఈఎన్ తర్వాత నాలుగు గుర్తులు ఇంటిపేరు. తయారుచేసినవాళ్లది. డీఈవీ తర్వాత నాలుగు సొంత పేరు. సబ్‌సిస్ తర్వాత ఉన్నది..."

"అత్తవారిల్లు," అన్నాను.

"అదేనండీ! ఏ బోర్డు మీద కాపురమో అది. ఇంటిపేరూ పేరూ దొరికితే చాలు, ఎంతటివాణ్ణైనా పట్టుకోవచ్చు. ఒక్క గుర్తు కూడా పోకూడదు. ఎవరు చదువుతారు?"

కోడలు నా వైపు చూసింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు ఎఫ్ దాకానే వచ్చు. ఎఫ్ దగ్గర ఉండగా మా పంతులమ్మకు బదిలీ అయింది.

"నాయనా, ఆరక్షరాలే వచ్చు నాకు. ఈ వీఈఎన్‌లో ఈ నాకు తెలిసినవాడే. అటూ ఇటూ ఉన్నవాళ్లతో పరిచయం లేదు."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "అత్తయ్యగారూ, ఆ నంబర్లలో అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే ఉంటాయండీ. జీ అన్నది కూడా రాదు. ఆ యంత్రం కూడా మీ బళ్లోనే చదివింది."

విన్నారా! సమస్త భూమండలంలోని సమస్త యంత్రములూ, విద్యలో నాతో సరిసమానులై, ఎఫ్ అనే సరిహద్దు రాయి వద్ద ఆగిపోయినవే! ఆ మాటతో నా ఒళ్లు గగుర్పొడిచింది. నేను తర్జనిని ఖడ్గంలా ఝళిపించి, వీరులు తొడ గొట్టే చోట ముక్కాలిపీట గొట్టి, ఇలా పలికాను:

"ఓరీ నామరహితుడా! పీతకిరీట గర్వాంధుడా! నీ ఎదుట నిలిచినది ఎవరనుకున్నావు? ముప్పై తొమ్మిది కాగితాల మీద వేలిముద్ర వేసి, నలభయ్యో కాగితం మీద సంతకం పెట్టినదాన్ని! ఆ ముద్ర వేసిన చేతి వేలే ఇప్పుడు నీ వంశనామాన్ని బయటికి లాగుతుంది! చెప్పు, నీ ఇంటిపేరేది?"

"అత్తయ్యా, రెండూ నలభై! మీ దండకం తర్వాత చదువుదురుగాని!"

వేలు ఆనించాను. తెర వెచ్చగా ఉంది. కోడలు పరిచయం లేనివాళ్లను దాటించి, "ఇక్కణ్ణుంచి" అని చూపించింది.

"ఒకటి. సున్నా. ఈ. సీ."

"ఇంటిపేరు దొరికింది!" అన్నాడు ఫోను. "ఇది వేరే వంశం అక్కా, మనం ఇందాక పట్టుకున్నవాళ్ల చుట్టాలు కూడా కాదు. కానివ్వండి."

"సున్నా. ఎనిమిది. తొమ్మిది. రెండు."

"తొందరపడకండి, ఇంకోసారి."

"తొందరా? నాకా? సున్నా. ఎనిమిది. తొమ్మిది. రెండు."

అత్తవారింటి ఎనిమిది గుర్తులూ కూడా అలాగే, ఒక్కొక్కటే గడప దాటించాను. తమ్ముడు అవతల టకటకా కొట్టుకుని, ఎక్కడికి వెళ్లి ఏ దుబాసీని తేవాలో చెప్పాడు. కోడలు తెచ్చింది. తెర మీద పచ్చటి గీత ఒకటి బయలుదేరి, గర్భిణీ గజగమనంతో సగం దాకా వచ్చి, ఆగింది. రెండూ నలభై ఎనిమిది. రెండూ యాభై. గదిలో ముగ్గురం, ఫోనుతో కలిపి, నిమిషాలు లెక్కపెడుతున్నాం. రెండూ యాభై మూడుకు గీత ఒక్క ఉదుటున చివరికంటా పాకింది.

టంగ్!

అంత చిన్న చప్పుడు. గిన్నె మీద చెంచా తగిలినంత. కోడలు ఎగిరి గెంతి మోకాలు బల్లకు కొట్టుకుంది, ఏడ్చింది, నవ్వింది, నన్ను కౌగిలించుకోబోయి చేట తన్నేసింది. ఏరిన పప్పూ ఏరని పప్పూ ఏకమై గది నిండా పరుచుకుంది.

నేను తెర వైపు చూశాను. పసుపు కిరీటం లేదు. అట్టడుగున పేరు లేకుండా పడి ఉన్నవాడు ఇప్పుడు సౌండ్ అనే వరసలో, ఇంటిపేరుతో సహా, పెద్దమనిషిలా కూర్చుని ఉన్నాడు. సంతకం పెట్టిన రోజు నేనూ అలాగే కూర్చున్నాను.

మూడు గంటలకు కంప్యూటరులోంచి ఒక ఆడగొంతు పలికింది. "నమస్కారం. మీకు నా మాట వినిపిస్తోందా?"

కోడలు వెన్ను నిటారుగా పెట్టి, జుట్టు ముడి వేసుకుని, "వినిపిస్తోందండీ," అంది.

నేను నేల మీద కూర్చుని, చప్పుడు కాకుండా, పప్పు మొదటి గింజ నుంచి మళ్లీ ఏరడం మొదలుపెట్టాను. జగద్విఖ్యాతమైన ఈ సంగ్రామంలో ఒక పసుపు త్రికోణం కూలిందని, ఒక చెంచా చప్పుడు చేజిక్కిందని, మా వైపు నష్టం అరసోలెడు కందిపప్పు అని దశదిశలూ తెలుసుకోగాక.

ఇట్లు,
వేలమ్మ. వయసు అరవై ఆరు. ఉండేది నీళ్ల ట్యాంకుకు ఎదురుగా, మూడో అంతస్తులో, కోడలు ఆసుపత్రిలో కుర్చీ ఎక్కాక పగలంతా నాదైపోయిన బల్ల దగ్గర. ఇప్పుడు జీ మీద ఉన్నాను.