పనసపొట్టు అరిగేదాకా

“నేను చెప్పింది చెప్పినట్టు వండుకుని తిన్నదనుకోండి, మా ప్రసూన నేనైపోద్ది కదా. అరిగాక మళ్లీ ప్రసూన అవుద్దని నమ్మకం ఏంటండీ?” అని మంగతాయారు రుచుల శాఖ కిటికీ దగ్గర నిలబడి అడిగింది. దరఖాస్తు కాగితం ఇంకా ఆమె చేతిలో తెల్లగానే ఉంది.

గుమాస్తా త్రిమూర్తులు తల ఎత్తలేదు. “అవుతున్నారండి. నూటికి తొంభై ఎనిమిది మంది మామూలైపోతున్నారు.”

“మిగతా ఇద్దరో?”

“వాళ్ల ఇళ్లనించి ఫిర్యాదులేం రాలేదండి.”

ఆ ఊళ్లో ఒకరి వంటను ఏమీ వదలకుండా, అన్నీ చెప్పినట్టే చేసుకుని తిన్న మనిషి, అది అరిగేదాకా ఆ వంట చెప్పిన మనిషైపోతుంది. చెప్పిన మనిషి అంతసేపూ ఎవరూ కాదు. రికార్డుల్లో దీన్ని ‘ఖాళీ’ అంటారు. ఏది ఎంతసేపట్లో అరుగుతుందో శాఖ గోడ మీద పట్టిక ఉంది: పెరుగన్నం గంట, ముద్దపప్పు గంటన్నర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర మూడుంబావు గంటలు. మారిన మనిషి పెట్టిన సంతకం చెల్లుతుంది. ఖాళీగా ఉన్న మనిషి సంతకం చెల్లదు. దీనివల్ల ఇళ్లలో పెద్ద ఇబ్బందులేమీ రాలేదు. కిందటేడు సర్వే చేస్తే, వంటింట్లో తిరుగుతున్నది వేరే మనిషని కనిపెట్టిన మగవాళ్లు ఊరు మొత్తం మీద పన్నెండు మంది తేలారు. వాళ్లలో తొమ్మిది మందికి, అన్నం రోజూకంటే వేడిగా ఉండడం వల్ల అనుమానం వచ్చింది.

ఆడవాళ్లు వంట చెప్పేటప్పుడు ఏదో ఒకటి దాచుకునేది అందుకే. తెలియనివాళ్లు దాన్ని పిసినారితనం అనుకుంటారు. అది ఒంటికి కాపలా.

మంగతాయారు, వరాలమ్మ, జెబున్నీసా ప్రతి శనివారం వరాలమ్మగారి మేడ మీద కలుస్తారు. కింద వరాలమ్మ కుట్టుమిషన్ల కొట్టు. ఒక్కొక్కరూ ఒక టిఫిన్ డబ్బా, ఒక లైబ్రరీ పుస్తకం పట్టుకొస్తారు. వండింది తింటారు, ఎలా వండారో ఒకటి దాచి చెప్పుకుంటారు. చదివిన నవల కథ ఆఖరు దాచి చెప్పుకుంటారు. ఒక్క మంగతాయారుకు మాత్రం ఆఖరు ముందు చెప్పాలి. ఎవరికో ఏదో అవుతుందన్న భయంతో ఆమె ఏ నవలనైనా చివరి మూడు అధ్యాయాల ముందు మూసేస్తుంది. ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నా, ఒక్క పుస్తకం పూర్తిచేసిన పాపాన పోలేదు.

ఆ శనివారం జెబున్నీసా తెచ్చింది పడవ నడుపుకునే కుటుంబం కథ, దిండంత లావు పుస్తకం.

“పడవ మునుగుద్దా? ముందే చెప్పెయ్,” అంది మంగతాయారు.

“మునిగేదైతే నవ్వుకుంటా నీ చేతికిస్తానా అక్కా?”

“కిందటిసారి ముసలాయన పోయినప్పుడు కూడా నవ్వుకుంటానే ఇచ్చావు.”

“ఈవిడకి పెళ్లి శుభలేఖ ఇచ్చినా, ఆఖర్న ఎవరన్నా పోయారేమోనని వెనక్కి తిప్పి చూసుద్ది,” అని వరాలమ్మ డబ్బా మూత తీసింది. “వదినా, నీతో ఒక మాట. మీ పిల్ల నా దగ్గరికొచ్చింది.”

ప్రసూన మంగతాయారు కూతురు. విశాఖలో లైబ్రరీ కోర్సులో సీటు వచ్చింది. హాస్టలు అనుమతి పత్రం మీద తల్లి సంతకం కావాలి. ఆ హాస్టల్లో పిల్లలు గదుల్లో కరెంటు పొయ్యిలు పెట్టుకుని ఒకళ్ల వంటలు ఒకళ్లకు నేర్పుకుంటారని ఎవరో చెప్పగా విని, మంగతాయారు కలం కింద పెట్టేసింది. “అక్కడ నీకేమన్నా అయితే?” అని కూతుర్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ప్రసూన జవాబు చెప్పలేదు. అప్పటినించి పదకొండు రోజులుగా తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

“నీ పనసపొట్టు కూర మొత్తం, ఏదీ దాచకుండా కావాలంట,” అంది వరాలమ్మ. “నువ్వు పెట్టకపోతే అదే నువ్వై సంతకం పెట్టుకుంటానంటుంది. పిల్ల తెలివైంది.”

“నేనేదీ దాచలేదు కదా. మీ ఇద్దరికీ అన్నీ చెప్పాను.”

“నాలుగుసార్లు వండాం. ఒక్కసారన్నా నువ్వయ్యామా?”

మంగతాయారు తను చెప్పినవన్నీ మొదటినించీ మళ్లీ లెక్క చూసుకుంది. ఏదన్నా దాస్తే తిన్నవాళ్లకు కడుపులో తేడా చేస్తుందేమోనని, ఆవ నూరేటప్పుడు వేసే నానబెట్టిన బియ్యం గింజలతో సహా చెప్పేసింది. అయినా ఎవరూ ఆమె కాలేదు. ఇంకా ఏం మిగిలిందో ఆమెకు తోచలేదు. చెప్పకుండా ఊరుకుంటే పిల్ల ఊళ్లోనే ఉంటుంది, మాట్లాడదు. చెప్తే మాట్లాడుతుందేమో, ఊళ్లో ఉండదు. రెండు రోజులు ఆలోచించి సోమవారం పొద్దున్నే రుచుల శాఖకు వచ్చింది.

కిటికీ పక్క బల్ల మీద కూర్చుని గంటసేపు రాసింది. వంటను మనసులో మొదటినించీ చేసుకుంటూ, చేయి ఏం చేస్తే అది కాగితం మీద పెట్టింది. త్రిమూర్తులు ఆ కాగితం అందుకుని సరుకుల పట్టీ బయటికి చదివాడు.

“పనసపొట్టు, చింతపండు, ఆవాలు, ఎండుమిరపకాయలు, నానిన బియ్యం. ‘చింతపండు నానేలోగా వీధి చివరిదాకా ఒకసారి చూడ్డం.’ ఇది సరుకా అండి, పద్ధతా?”

మంగతాయారు ఆలోచించింది. “సరుకేనండి.”

“‘తాలింపు వేగుతుంటే పిల్ల బస్సు దిగిందో లేదో అనుకోడం.’ ఎంత?”

“కొలతుండదండి. వేగినంతసేపూ.”

“‘పొయ్యి కట్టాక రెగ్యులేటర్ రెండుసార్లు చూసుకోడం.’ ఒకసారి చాలదా?”

“మొదటిసారి చూశానా లేదా అని అనుమానం వస్తుందండి.”

త్రిమూర్తులు మూడింటినీ ఎర్రసిరాతో సరుకుల కిందే చేర్చాడు. “ఇవి ఇదివరకెవరికీ చెప్పలేదా అమ్మా?”

“ఎవరూ అడగలేదండి. అందరూ చేస్తారే అనుకున్నాను.”

అతను ముద్ర కొట్టి, ఇద్దరు సాక్షులు ఉండాలని చెప్పి, మర్నాటికి తేదీ వేసి ఇచ్చాడు.

మంగళవారం ప్రసూన మాట్లాడకుండా కాగితం గోడకు అతికించుకుని వండింది. చింతపండు నానబెట్టి వీధి చివరిదాకా చూసింది. తాలింపు వేగుతుంటే, తానే అయిన పిల్ల బస్సు దిగిందో లేదో అనుకుంది. ఇందులో కొంచెం ఇబ్బంది ఉన్నా నిబంధనలు ఒప్పుకుంటాయి. సాక్షులుగా వచ్చిన వరాలమ్మ, జెబున్నీసా టైము రాసుకున్నారు. పన్నెండూ యాభై అయిదుకు మొదటి ముద్ద. ముద్ద మింగగానే ప్రసూన పైకి చూసి, “ఈ ఫాను ఊగుతుందేంటి, ఎవరి నెత్తిన పడుద్దో,” అంది.

సాక్షులు సంతకాలు చేశారు.

ఒంటిగంటకు ఆమె తండ్రి సత్యానందం భోజనానికి వచ్చాడు. “మంగా, మజ్జిగ,” అన్నాడు. ప్రసూన మజ్జిగ పోసింది. ఆయన తాగి, ఫాను బానే ఉందని చెప్పి, వెళ్లిపోయాడు. కిందటేడు సర్వే లెక్క పన్నెండు దగ్గరే ఉంది.

మంగతాయారు ఖాళీగా ఉంది. మొదట కాసేపు, సంతనించి రెండు చేతులా మోసుకొచ్చిన సంచులు ఎక్కడ పెట్టేశానా అన్నట్టు చుట్టూ చూసుకుంది. సంచులు కనబడలేదు. వెతకాలనీ అనిపించలేదు. వరండాలో కుర్చీ వేసుకుని, పడవ నవల తెరిచి, చివరి మూడు అధ్యాయాలు మొదలుపెట్టింది. కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“జెబున్నా, పడవ మునిగింది.”

“మునుగుద్దక్కా. నీకు చెప్తే చదవవని చెప్పలేదు.”

“అందరూ ఈదుకుంటా గట్టెక్కి, అన్నం గిన్నె వదిలేసిందెవరని కొట్టుకుంటున్నారు. ముప్ఫై ఏళ్లనించి ఇలాంటియ్యన్నీ వదిలేశానా నేను?”

“పోయినోళ్లున్న పుస్తకాలు కూడా చాలా ఉన్నాయిలే,” అని వరాలమ్మ ఆమెకు జంతికలు ఇచ్చింది. ముగ్గురూ గిన్నె గొడవ రెండోసారి బయటికి చదువుకుని నవ్వుకున్నారు.

లోపల ప్రసూన కలం పట్టుకుని అనుమతి పత్రం ముందు కూర్చుంది. రెండైంది. మూడైంది. మధ్యలో నాలుగుసార్లు లేచి వీధి చూసింది. సంతకం పెట్టడానికే ఇంత దూరం వచ్చానన్న సంగతి ఆమెకు గుర్తుంది. చేయి మాత్రం కదలడం లేదు.

“నాలుగొందల మంది పిల్లలు,” అంది చివరికి. “అందులో ఒక్కళ్లు కరెంటు పొయ్యి తెచ్చుకున్నా చాలు.”

“పెట్టెయ్యండమ్మా సంతకం. ఏమవుద్ది?” అంది మంగతాయారు గుమ్మంలోంచి, జంతిక నములుతూ.

“మీకేం, ఎన్నైనా అంటారు. మీకు పిల్లలున్నారా?”

“ఈ పూటకి లేరండి,” అంది మంగతాయారు నిజాయితీగా. “పోనీ నన్ను పెట్టమంటారా?”

“ఖాళీ మనిషిది చెల్లదు వదినా,” అని వరాలమ్మ గుర్తు చేసింది.

భయం ఉన్న మనిషికి సంతకం ఉంది. భయం లేని మనిషికి సంతకం లేదు. నిబంధనలు రాసినవాళ్లు ఈ ఇంటిని చూసే రాశారా అన్నట్టుంది. పత్రం అలాగే ఉండిపోయింది.

నాలుగూ పదికి ప్రసూన త్రేన్చింది. మంగతాయారు చేతిలో, అప్పటికే ఆఖరు పేజీ అయిపోయిన పుస్తకం మూతపడింది. కూతురు ఎదురుగానే ఉన్నా, ఆమె ఒకసారి లేచి వీధి చివరిదాకా చూసి వచ్చింది. సంచుల బరువు రెండు చేతులకూ వచ్చేసింది. ఫాను వైపు చూసింది. తర్వాత పత్రం తన వైపు లాక్కుని సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి. ‘మంగ’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ‘తాయారు’ పూర్తిచేసింది. ఒక పుస్తకాన్నీ ఒక సంతకాన్నీ ఒకే రోజు ఆఖరుదాకా తీసుకెళ్లడం ఆమెకు అదే మొదలు.

ప్రసూన తిరిగి వచ్చినట్టు ఒప్పుకోలు కాగితం నింపాలి. అందులో ‘పూర్తిగా వచ్చాను’ అని ఒకటే గడి ఉంది. ఆమె టిక్కు పెట్టి, వంటింట్లోకి వెళ్లి, రెగ్యులేటర్ చూసి వచ్చింది. కూర్చుంది. లేచి మళ్లీ వెళ్లి చూసి వచ్చింది.

వరాలమ్మ కలం ఎత్తి, ఏం రాయాలో తెలియక దింపేసింది. “నూటికి ఇద్దరేనన్నాడే ఆ త్రిమూర్తులు.”

“మా అమ్మీ చేతి పప్పు నేను ఇరవయ్యేళ్ల కిందట వండుకు తిన్నానక్కా,” అంది జెబున్నీసా డబ్బాలు సర్దుకుంటూ. “ఇంకా అరగలా. నేనూ పూర్తిగా వచ్చానని టిక్కు పెట్టాను. ఆఫీసులో ఎవరూ అడగలా.”

ఎవరూ దీన్ని వింతగా అనుకోలేదు.

మంగతాయారు పత్రాన్ని మడిచి కూతురి చేతిలో పెట్టింది. పెట్టి, వదలకుండా అవతలి కొస పట్టుకుంది. “అక్కడ నీకేమన్నా అయితే?” అని, పద్నాలుగు రోజుల కిందట అడిగిందే మళ్లీ అడిగింది.

ఎదురింట్లో పంపు కింద బిందె నిండి పొర్లింది, ఎవరో పంపు కట్టేశారు. జెబున్నీసా డబ్బా మూత పెట్టబోయి, చప్పుడవుతుందని ఆగింది. సాక్షులిద్దరూ నేల చూశారు. కాగితం రెండు కొసలా రెండు చేతులు అలాగే ఉన్నాయి.

“అయితే ముందు నీకే చెప్తానమ్మా,” అంది ప్రసూన. “ఏమీ కాకపోయినా చెప్తాను.”