దద్దువారిపై దండయాత్ర

శ్రోతలారా, చెవులు రిక్కించి వినుడు. ఎండ కాయవలెనో వాన కురియవలెనో తేల్చుకొనలేక ఆకాశము ఆవులించుచున్న ఒకానొక బుధవారమున, ఉదయము పది గంటలకు పది నిమిషములు తక్కువగా, మూడవ అంతస్తున గల రెండు గదుల ఇంటిలో, కుట్టుమిషను రణభేరివలె మ్రోగుచుండగా, ఇస్త్రీచొక్కాయను కవచము ధరించి, నిగనిగలాడు నల్లబూట్లు తొడిగి, వంటగది బల్లయెదుట కుర్చీని సింహాసనమువలె అధిష్ఠించిన మహావీరుని గాథ ఇది.

ఎవడా వీరుడు? పందొమ్మిదేండ్లు ఒక ముద్రణాలయమున అచ్చుతప్పులను వేటాడిన ప్రూఫురీడరు. ఒత్తులు పోగొట్టుకొన్న అక్షరములకు ఒత్తులిచ్చి, దారితప్పిన దీర్ఘములను ఇల్లు చేర్చిన దయామయుడు. మాటలలో సైతము ఆగి ఆగి పలుకువాడగుటచే మిత్రులతనిని ‘కామా’ అని పిలుతురు. తప్పులను తానే దిద్దు యంత్రమొకటి ముద్రణాలయమున అడుగిడిన నాడు, యజమాని అతని చేతిలో పూలగుత్తి పెట్టి సాగనంపెను. ఆ గుత్తికి కట్టిన చీటీలో అతని పేరే తప్పుగా అచ్చయి యుండెను. అది జరిగి ఎనిమిది నెలలు.

నాటినుండి అతని ప్రతిజ్ఞ ఒక్కటే. దినమునకొక దరఖాస్తు, అదియును బూట్లు తొడిగియే.

“ఇంట్లో బూట్లేంట్రా, ఇప్పుడే తుడిచాను,” అనెను మిషను వెనుకనుండి అక్క. దర్జీపనితో ఆ ఇల్లు నడుపుచున్నది ఆమెయే.

“బూట్లు విప్పితే పడుకోవాలనిపిస్తుందక్కా.”

అక్క మిషను తొక్కుటలో మునిగెను. వీరుడు ఫోను తెరచెను. తెరచినంతనే, ఒక ప్రచురణసంస్థవారి ప్రకటన అతని కన్నులయెదుట శత్రుధ్వజమువలె రెపరెపలాడెను. “అచ్చుతప్పులు దద్దువారు కావలెను. గడువు నేటి సాయంత్రము ఐదు గంటలు.”

దద్దువారు. దకారముపై ఉండవలసిన గుడి లేదు.

రెండువందల ముప్పది దరఖాస్తులు పంపి, ఒక్కదానికైనను జవాబెరుగని ఆ ధీరుని హృదయమున ఘోరమైన ధర్మసంకటము పుట్టెను. తప్పు చూపినచో వారికి కోపము వచ్చును. చూపనిచో తాను ప్రూఫురీడరు కాకపోవును. మధ్యాహ్నమంతయు తర్కించి తేలక, మూడు గంటలకు మిత్రమండలి సలహా వేడుటకై వీధిచివరి టీకొట్టునకు బయలుదేరెను.

అచ్చట బెంచీపై ఇరువురు మహారథులు ఆసీనులై యుండిరి. ఒకడు బీమా ఏజెంటు, రెండవవాడు డ్రైవింగు స్కూలు మాస్టారు.

“చొక్కా మడత నలగలేదు. ఇవాళ కూడా ఆఫీసు లేదన్నమాట,” అనెను ఏజెంటు.

వీరుడు ఫోను చూపెను. మాస్టారు కన్నులు చికిలించి చదివెను. “దద్దువారంటే దద్దమ్మలేమోరా. కరెక్టుగానే వేశారు, నీకోసమే.”

నవ్వులు శరపరంపరగా కురిసెను. అవి చాలునని యూరకున్న బాగుండెడిది. కాని ఏజెంటు గ్లాసు క్రింద పెట్టెను. “నవ్వులాటకి కాదు గానీ, ఉద్యోగమిచ్చేవాడికే తప్పులు చూపిస్తావా? అందుకే నిన్నెవడూ పిలవట్లేదు. ఎనిమిది నెలలు. అక్క కుట్టి పెడుతుంటే తింటూ, ఇంకా ఒత్తులూ గుడులూ అంటావేంట్రా.”

అంతట వీరుని హృదయకుహరమునుండి ఒక సింహనాదము లేచెను: “ఓరీ బీమాధురంధరా, చచ్చిన పిదప అక్కరకువచ్చు సరకును బ్రతికియున్నవారికి అంటగట్టు నీవా నాకు లోకజ్ఞానము నేర్పుట? పర్వతములు కదలనీ, సముద్రములింకనీ, దకారము గుడిలేక దిక్కులేనిదై నిలువగా నేను చూచి యూరకుండువాడను కాను.”

నోటినుండి మాత్రము వెలువడినది ఇంతే: “చూద్దాం లేరా.”

దద్దమ్మ అను మాట తగిలి జారిపోయెను. అక్క కుట్టి పెట్టుచున్నదను మాట మాత్రము ఎదలో దిగబడెను. వీరుడు ఇంటికి వచ్చి, ఎనిమిది నెలలలో మొదటిసారి, పట్టపగలు బూట్లు విప్పి, మంచమున గోడవైపు తిరిగి పడుకొనెను.

గుమ్మమున బూట్లను చూచి అక్క మిషను ఆపెను. “ఏమైందిరా?”

అతడు గోడతోనే అంతయు చెప్పెను. ఆమె దారము పంటితో తెంపెను.

“కుట్టి పెడుతున్న మాట నిజమేగా. అందులో వాడు కనిపెట్టిందేముంది? పోయిన వారం డాక్టరుగారొచ్చారు, ఇంకెవరో కుట్టిన కోటు పట్టుకుని. బొత్తాం వేసివ్వమన్నారు. ఒక భుజం కిందికుందని చెప్పాను. మొహం మాడ్చుకున్నారు.”

“మరెందుకు చెప్పావ్?”

“కనబడింది కాబట్టి. కోటు ఆయనదే, కళ్లు నావి కదా.”

“మళ్లీ వచ్చారా?”

“రాలేదు,” అనెను ఆమె. “లే, బూట్లేసుకో. నేల మళ్లీ తుడుచుకుంటాలే.”

నాలుగు గంటల ముప్పది యెనిమిది నిమిషములకు మహాసంగ్రామము మొదలయ్యెను. ఫోటో బరువెక్కువని దరఖాస్తు దానిని త్రిప్పికొట్టెను. వీరుడు భుజముల వరకు కత్తిరించి మరల ప్రయోగించెను. నీవు మనుష్యుడవేనా, అగుదువేని సైకిళ్లున్న గడులను చూపుమని ఆ దరఖాస్తు ప్రశ్నించెను. మూడవ యత్నమున వీరుడు తాను మనుష్యుడనని నిరూపించుకొనెను. కడపట ‘మీ గురించి’ యను గడిలో ఇట్లు వ్రాసెను: “మీ ప్రకటనలో ‘దద్దువారు’ అని పడింది. దకు గుడి ఉండాలి. ఇది నా పని కాబట్టి చెబుతున్నాను.”

నొక్కెను. తెరపై చక్రము గిర్రున తిరిగెను. నాలుగు యేబదితొమ్మిది. అక్క సూది చేతబట్టి అతని వెనుక నిలిచెను. చక్రము ఆగెను. చేరినది.

మరునాడుదయము జవాబు వచ్చెను. రెండువందల ముప్పదియొక్క దరఖాస్తులలో మొదటి జవాబు. “సరిచేశాం. ధన్యవాదాలు.” కొలువుమాట లేదు. వీరుడు ప్రకటన తెరచెను. దిద్దువారు.

“ఉద్యోగమా?” అని అక్క కేక వేసెను.

“కాదు. గుడి పెట్టారు.”

ఆమె మెడలో టేపుతోనే వచ్చి, కొలతలు చూచునట్లు చూచెను. “బాగుంది. ఒంపు సరిగ్గా కుదిరింది.”

సాయంకాలము టీకొట్టున ఏజెంటు ఆ జవాబును రెండుమారులు చదివెను. “అయితే నీకేం ఒరిగింది?”

“ఒకటి తగ్గింది.”

“ఏంటి?”

“తప్పు.”

ఏజెంటు వాదింప నోరు తెరచి, టీ త్రాగెను. మాస్టారు మాత్రము అటునిటు చూచి, గొంతు తగ్గించి, “మా స్కూలు బోర్డు కూడా ఒకసారి చూసిపెడతావా? ఎందుకో మరి, జనం ఫోటోలు తీసుకుంటున్నారు,” అనెను.

వినుడు, దిక్కులారా. పూర్వమొకానొక రాజు గుడి నిలుపుటకు వేయిమంది శిల్పులను, నూరేనుగులను కూర్చెను. మన వీరుడు ఒంటరిగా, ఒక్క వ్రేలితో, గడువు తీరి ఇక నెవ్వరును చదువని ప్రకటనలో, ఒక్క అక్షరముపై గుడి నిలిపెను. దానికి గోపురము లేదు, గంట లేదు, వచ్చువారును లేరు. అయినను అది సరిగా నున్నది.