కెమెరాకు బొట్టు

ఒకే సినిమాలో మూడు వేషాలు కట్టి మూడింటినీ పండించిన నటుణ్ణి నేను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలో ఎవరిని అడిగినా ఆ సినిమాకి హీరో నేనే అని చెబుతారు. నేను చదివింది మా ఊరి బళ్లో ఐదో తరగతి దాకా. నటనకు అది చాలు. సినిమా తీయడానికి మాత్రం డిగ్రీ కావాలని మంత్రిగారు చెప్పేదాకా నాకు తెలియదు.

మంత్రిగారి పేరు రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో ఒక కొత్త డిగ్రీ కాలేజీ ఉంది. మూడేళ్ల కిందట మంత్రిగారు అక్కడికొచ్చి మైకు అందుకున్నారు. "ఇన్నాళ్లూ మన పిల్లోళ్లు సినిమాలు సూసినారు. ఇంక తీస్తారు. బి.ఏ. సినిమా కోర్సు ఈ పొద్దు నుంచే మొదలు. ఇట్లాంటి కోర్సు ప్రపంచంలో యాడా లేదు" అని ప్రకటించారు. దాని సిలబస్ కూడా యాడా లేదని తర్వాత తెలిసింది. దూరదృష్టి అంటే అదే మరి.

అంతలో కెమెరా వచ్చింది. కొత్త లారీ వస్తే ఏం చేస్తామో మంత్రిగారు దానికీ అదే చేశారు. ఆయన మనిషి పాపన్న పూజ పళ్లెంతో ముందే సిద్ధంగా ఉన్నాడు. కెమెరా స్టాండుకు మూడు కాళ్లు కాబట్టి కాలికొక నిమ్మకాయ పెట్టాడు. లారీ అయితే తనే ముందుకు కదిలి తొక్కుతుంది. స్టాండు కదలదు. అందుకని మంత్రిగారే ఒక్కో కాలూ ఎత్తి దించి నిమ్మకాయలు చితగ్గొట్టారు. ఆ వయసులో ఆ ఓపిక చూసి నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత గంధం, కుంకుమ తడిపి బొట్టు పెట్టారు. లారీకైతే ముందు అద్దానికి పెడతాం. కెమెరాకు ముందున్న అద్దం ఒక్కటే. దాని నడిమధ్యన, నిండుగా పెట్టారు.

డిపార్టుమెంటుకు హెడ్‌గా బాటనీ చెప్పే భానుప్రకాశ్ సార్‌ని వేశారు. మొక్కకైనా సినిమాకైనా వెలుతురే కదా ముఖ్యం. కెమెరాను పూలదండతో సహా బీరువాలో పెట్టి తాళమేశారు. పిల్లలు అట్టపెట్టెకు కంత చేసి, అందులోంచి చూస్తూ సినిమా నేర్చుకున్నారు. చివరి ఏడాది ఒక్కొక్కరూ ఒక సినిమా తీసి పాసైతేనే డిగ్రీ అన్న రోజు బీరువా తెరిచారు.

మొదటి వంతు జెనిఫర్‌ది. మదనపల్లె పిల్ల. వాళ్లమ్మ మార్తమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. "మూడేండ్లు నీ ఇష్టం. పాసు గాకుంటే మాత్రం నర్సింగులో సేరాల" అని ముందే ఒప్పందం రాయించుకున్నంత పని చేసింది. ఈ పిల్లేమో సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయే రకం.

జెనిఫర్ కెమెరాలోంచి చూసింది. మధ్యలో ఎర్రటి గుండ్రం. అంచుల్లో మాత్రం అద్దంలా స్పష్టంగా ఉంది. చున్నీ కొంగుతో తుడవబోయింది. పాపన్న అడ్డం పడ్డాడు.

"ఏం పనమ్మా అది? మంత్రిగారి చేత్తో పెట్టిన బొట్టు."

"ఏమీ కనపడడం లేదన్నా."

"బొట్టు తుడిసేది ఎప్పుడో తెలుసునా నీకు? మంత్రిగారు గుండ్రాయి మాదిరి ఉండాడు. ఆయన పెట్టిన బొట్టు ఇప్పుడే తుడిసేస్తావా?"

జెనిఫర్ హెడ్ గారి వైపు చూసింది. హెడ్ గారు కిటికీలోంచి వేపచెట్టు వైపు చూశారు. అది ఆయన సబ్జెక్టు.

ఇంటికి పోయి చెబితే మార్తమ్మ తేల్చేసింది. "మనం బొట్టు పెట్టుకోం. ఇంకోరు పెట్టింది తుడిసేదీ మన పని గాదు. నువ్వు తుడిస్తే ఊర్లో అది ఇంకో రకంగా అవుతాది. వద్దు తల్లీ."

సినిమా ఏం తీయాలో కూడా పాపన్నే చెప్పాడు. మంత్రిగారి అభివృద్ధి. ఒకటే షరతు, ప్రతి షాట్లోనూ మంత్రిగారు నడిమధ్యన ఉండాలి.

"మధ్యలో పెడితే మొగం కనపడదన్నా" అంది జెనిఫర్.

"కనపడకుంటే మానె. మధ్యలో ఉండాల."

షూటింగు మొదలైంది. నా నట జీవితం అక్కడే మొదలు. మీటింగులకు జనం కింద వచ్చే మమ్మల్నందర్నీ పాపన్న ఒకే బస్సులో తిప్పేవాడు. మదనపల్లెలో మంత్రిగారు టమాట రైతులతో మాట్లాడితే నేను టమాట రైతుని, భుజాన ఎర్ర తువ్వాలు. పుంగనూరులో పాడి రైతుని, గళ్ల తువ్వాలు. కుప్పంలో పట్టు రైతుని, తెల్ల తువ్వాలు. నాకు సెంటు భూమి లేదు, ఆవు లేదు. పట్టుపురుగును నేను మొదటిసారి చూసింది ఆ కుప్పం మీటింగులోనే. అది కూడా నన్ను అనుమానంగా చూసింది.

హీరో అని మొదట్లో కోతలు కోశాను కదా. నిజానికి నేను చేసిందల్లా మంత్రిగారి పక్క వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, బిర్యానీ పొట్లం కోసం ఎదురుచూస్తూ ఆవలించడమే. మధ్యలో అంతా బొట్టు కాబట్టి సినిమా మొత్తంలో స్పష్టంగా కనిపించేది నేనూ, నా గొంతు లోపలి భాగమూ.

సినిమా వేసే రోజు వచ్చింది. మంత్రిగారు చూడాలి, మెచ్చాలి, అప్పుడు మార్కులు. జెనిఫర్ ముందు వరసలో ప్రొజెక్టర్ పక్కన కూచుంది. ఆ పొద్దున్నే మంత్రివర్గం మారింది. పాత మంత్రిగారు మాజీ అయ్యారు. పదకొండు గంటలకు కారులోంచి కొత్త మంత్రిగారు దిగారు. తలుపు తీసింది పాపన్నే. మెడలో కండువా కూడా మార్చుకున్నాడు.

హెడ్ గారు జెనిఫర్ దగ్గరికొచ్చి గుసగుసగా అన్నారు. "పాత ఆయన సినిమా ఈయనకి సూపిస్తే నా ఉద్యోగం, నీ డిగ్రీ రెండూ పోతాయమ్మా. ఆపేద్దాం."

"ఆపితే మా అమ్మ రేపే నర్సింగులో సేరుస్తాది సార్" అంటూ ఆ పిల్ల బటన్ నొక్కేసింది.

తెర మీద మదనపల్లె మార్కెట్టు. మధ్యలో పెద్ద ఎర్రటి బొట్టు. బొట్టుకు అటో చెయ్యి ఇటో చెయ్యి ఊగుతున్నాయి. బొమ్మ వెనక నుంచి హెడ్ గారి గొంతు వ్యాఖ్యానం చదివింది, "మంత్రిగారు రైతులతో మమేకమయ్యారు." ఏ మంత్రిగారో పేరు లేదు. పుంగనూరులో బొట్టు రిబ్బను కత్తిరించింది. కుప్పంలో బొట్టు పట్టుగూడు ఎత్తి చూపింది.

కొత్త మంత్రిగారు ముందుకు వంగారు. "ఇదంతా ఎప్పుడు తీసినారప్పా? నాకు గుర్తే లేదు."

"తమరు పనిలో పడితే లోకం తెలీదు కదా సార్" అన్నాడు పాపన్న.

"అవునవును. ఆ చేతులు నావే." తెర మీద నన్ను చూపిస్తూ, "ఆ పెద్దాయన మూడు ఊళ్లలోనూ ఉండాడే?"

"తమరంటే పిచ్చి అభిమానం సార్. యాడికి పోతే ఆడికి వస్తాండాడు."

సినిమా అయిపోయింది. హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. మంత్రిగారు లేచి, ఇంత తక్కువ కాలంలో తాను ఇంత అభివృద్ధి చేసినట్టు తనకే తెలియదన్నారు. జెనిఫర్‌కు ఫస్ట్ క్లాసు అక్కడికక్కడే ప్రకటించారు. వెనక వరసలో మార్తమ్మ కళ్లు తుడుచుకుంది. జూనియర్లకు ఇంకో కొత్త కెమెరా ఇస్తున్నానన్నారు. అది కారులోనే ఉంది. పాపన్న నిమ్మకాయలు సర్ది, పళ్లెం అందించాడు.

మంత్రిగారు కుంకుమ తీసుకుని కెమెరా ఒంటికి, పక్కవైపు పెట్టబోయారు.

"ఆడ గాదు సార్, అద్దానికి" అంది జెనిఫర్. "సరిగ్గా మధ్యలో పెట్టండి. జూనియర్లకి పనికొస్తాది."

ఇదీ జరిగింది. మీరు పెద్దమనసుతో చదివారు కాబట్టి ఒక నిజం చెబుతాను. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్కటి. హాలంతా చప్పట్లతో మారుమోగిపోయిందన్నాను కదా, ఆ రోజు హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ చప్పట్లు కూడా సినిమా చివర పెట్టినవే.