పరగడుపున పరుగు

సిటీ బస్సు డ్రైవరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి డిపోలో వైద్య పరీక్ష. బరువు ఎనభై ఐదు కిలోలు దాటితే స్టీరింగు వదిలేసి గేటు దగ్గర రిజిస్టరు రాసుకోవాలి. పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న సీటు అది. పోతుందంటే అతనికి ఏడుపొచ్చినంత పనయింది. రాత్రి తూకం ఎనభై ఐదున్నర చూపించింది. పరగడుపున ఊపిరి ఆడనంత గట్టిగా పరిగెడితే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరుగుతుందని తోటి డ్రైవరు చెప్పాడు. అందుకని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా డిపో దాకా పరిగెత్తి, అలాగే తూకం ఎక్కాలనుకున్నాడు.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. "పరీక్షా? ఏదో తంతు" అని రాత్రి భోజనాల దగ్గర మామగారి ముందు కోతలు కోసి ఉన్నాడు మరి. మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. కూతుర్ని చూడటానికి వచ్చారు, మర్నాడు సాయంత్రమే తిరుగు ప్రయాణం. అల్లుడు మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే, "కానివ్వండి అల్లుడూ, గిన్నె కడిగే పని తప్పుతుంది" అని సరదాకి అన్నారు. అల్లుడు నవ్వలేదు.

పొద్దున ఏడున్నరకి మామగారు కాఫీ కప్పు అందించబోయారు.

"నాకొద్దండి."

"పోనీ, రెండు బ్రెడ్డు ముక్కలు?"

"నేనేం తినను," అని అల్లుడు తలుపు లాగేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

మామగారి గుండెల్లో రాయి పడింది. "అమ్మాయ్, మీ ఆయన అలిగాడే" అన్నారు.

"తిండి మీద అలగడం ఆయన వల్ల కాదు నాన్నా," అంది కూతురు దుప్పట్లోంచే. అంతలో అనుమానం వచ్చింది. "కాఫీ అయినా తాగారా?"

"ముట్టుకోలేదు."

ఆవిడ లేచి కూర్చుంది. "అయితే అలిగినట్టే."

మామగారు ఫ్లాస్కు, బ్రెడ్డు, అరడజను అరటిపళ్లు సంచిలో వేసుకుని వీధిలో పడ్డారు. "అల్లుడూ, ఆగండి. నోరు జారాను," అని అరుస్తూ పరిగెత్తారు. డ్రైవరు వెనక్కి చూశాడు. సంచి కనబడింది. ఆగితే తినిపించకుండా వదలరని తెలుసు కనక వేగం పెంచాడు.

సందు మొదట్లో పాలతను ఇది చూసి దొంగే అనుకుని, సైకిలు గోడకు ఆనించి తనూ పరుగందుకున్నాడు.

"ఏం పట్టుకుపోయాడు పెద్దాయనా?"

"ఏమీ ముట్టలేదయ్యా, అదే నా బాధ."

పాలతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పరుగు ఆపలేదు. మలుపు దగ్గర మరో నలుగురు కలిశారు. డిపో వాచ్‌మన్‌కు ముందు డ్రైవరు, వెనక జనం కనబడేసరికి, బస్సుతో ఎవరినో గుద్ది వచ్చాడనుకున్నాడు. అతన్ని లోపలికి లాగి, గేటుకు తాళం వేసి, వైద్య పరీక్ష గదిలో దాచాడు.

డాక్టరమ్మ అప్పటికే వచ్చి ఉంది. తూకం ఎనభై నాలుగు కిలోల ఎనిమిది వందలు. డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆవిడ నాడి చూసింది. నూట నలభై.

"ఈ గుండెతో యాభై మందిని ఎక్కించుకుని వెళ్తారా? పొద్దున ఏం తిన్నారు?"

"ఏమీ లేదు మేడమ్."

"ఏదైనా తిని అరగంట కూర్చోండి."

ఆ మాట పూర్తికాకముందే వీధి వైపు కిటికీ ఊచల్లోంచి ఒక్కొక్కటిగా అరటిపళ్లు లోపలికి వచ్చాయి. "తినండి అల్లుడూ, మీకు దణ్ణం పెడతాను."

"నేను అలగలేదు మావయ్యగారూ. బరువు తగ్గాలని."

"ఆ ముక్క రాత్రే చెప్పొచ్చుగా?"

"సిగ్గేసింది."

సంచి ఖాళీ అయ్యాక నాడి ఎనభైకి దిగింది. డాక్టరమ్మ తృప్తిగా తలాడించింది. "ఫారంలో బరువు, నాడి రెండూ ఒకే సమయంలో తీసినవి ఉండాలి. మళ్లీ తూకం ఎక్కండి."

ఎనభై ఐదు కిలోల ఏడు వందలు.

వారం గడువిచ్చి, అందాకా గేటు దగ్గర కూర్చోమంది. తర్వాత, పెద్దాయన కూడా పరిగెత్తారు కదా అని ఆయన నాడి చూసింది. డెబ్భై. "ఈ వారం ఈయన వెనకాల పరిగెత్తండి. కాస్త తినే పరిగెత్తండి," అని అల్లుడికి చెప్పింది. మామగారు ప్రయాణం మానుకుని ఈల కొనుక్కున్నారు.

వారం తిరిగేసరికి బరువు ఎనభై మూడుకు దిగింది, డ్రైవరు సీటు డ్రైవరుకు దక్కింది. మధ్యలో నాలుగో రోజున ఆ ఈల భరించలేక అతను నిజంగానే అలిగి, రాత్రి అన్నం మానేశాడు. ఎంత పట్టుదలో అని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.