ఫిర్యాదు చేయని వేరుశనగ

ఓబుళేసు చేను పోయింది వాన లేక కాదు, మంత్రి గంగాధర్ గారి వల్ల. వాన అందరికీ తక్కువే. పక్క చేన్లలో పాత విత్తనం ఆకు ముడుచుకుని ఎట్లో బతికింది.

మంత్రిగారి చరిత్రాత్మక నిర్ణయం కళ్యాణదుర్గం రైతుసభలో, ఓబుళేసు కళ్లముందే పుట్టింది. శాస్త్రవేత్త అశ్విని మాట్లాడుతోంది. మొక్క కణంలో కేంద్రకం పెద్దాఫీసట. జన్యువుల బీరువా దాని దగ్గరే. ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్టులు, శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు కింది సిబ్బంది. నీళ్లు తగ్గి ఎండ ముదిరితే ఇవి పైకి కబురు పంపుతాయి. దాన్నిబట్టి కేంద్రకం కొన్ని జన్యువులను ఆపుతుంది, కొన్నిటిని లేపుతుంది. మొక్క పని తగ్గించుకుని ప్రాణం దక్కించుకుంటుంది.

మంత్రిగారి ముఖం మాడింది.

"కిందోళ్లు పైకి చెప్పేదేందమ్మా?"

"ఆర్డరు కాదు సార్, కబురే."

"ఆర్డరైతే కాదనొచ్చు. కబురైతే వినాల. వినని రకం లేదా?"

"ల్యాబులో ఒకటుంది సార్. ఆకు ఎంత మొత్తుకున్నా దాని కేంద్రకానికి పట్టదు. పరిశోధన కోసం పెంచాం. చేనుకు పనికిరాదు."

"సర్కారుకు పనికొస్తాది."

అంత దూరదృష్టి ఆ జిల్లా ఎన్నడూ ఎరగదు. మండలానికొక ఆదర్శ రైతు అన్నారు. ముందు వరసలో కూర్చున్న పాపానికి ఓబుళేసు నాలుగెకరాల్లో ఆ విత్తనం పడింది.

నలభై రోజులు చినుకు లేదు. చేను మాత్రం పచ్చగా నిలబడింది. ఓబుళేసు ఒక మొక్క పీకి చూసి, నేరుగా వ్యవసాయాధికారి ఉదయ్ కుమార్ దగ్గరికి పోయి అతన్ని చేనుకు తీసుకొచ్చాడు.

"ఒక్క తడికి ట్యాంకరు పంపించు సార్. చేను సస్తాండాది."

"పచ్చగుండాది కదప్పా."

"ఆకు పచ్చగుండాది. వేరు ఎండిపాయ. కింద ఒక్క కాయ లేదు."

"ఫారంలో ఆకు రంగు ఒకటే ఉండాది. వేరుకు గడి లేదు."

"పీకి చూడు సార్."

"ప్రభుత్వ ప్రయోగమిది. పీకితే కేసైతాది."

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున పచ్చగా ఉన్న చేను మధ్యాహ్నానికి నాలుగెకరాలూ ఒక్కసారిగా పడిపోయింది. నివేదికలో 'పంట నుండి ఫిర్యాదులు: లేవు' అని రాశారు. మురిసిపోయిన మంత్రిగారు స్వయంగా చేనుకే వచ్చి ఓబుళేసుకు శాలువా కప్పి, మైకు అందించారు.

"సచ్చేదాకా ఒక్క మాట అనకుండా పనిచేసింది. ఇట్లాంటి ఓర్పు యాడన్నా చూసినావా ఓబుళేసూ?"

"చూసినా. నా పెండ్లాం రామక్క. వారం దినాలు జరం. ఒకసారి చెప్పినట్టే ఉండె, నేను ఇనలేదు. కలుపు తీస్తా తీస్తా ఆ గట్టు కాడ పడిపాయ, మళ్లా లేయలేదు."

మంత్రిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ మహాతల్లి గౌరవార్థం విత్తనానికి 'రామక్క-1' అని పేరు పెడుతున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు మోగాయి.

మరుసటేడు ఊరూరా సంచులు దిగాయి. వాటి మీద ఎవరో ఆడమనిషి నవ్వుతున్న బొమ్మ.

"ఎవరన్నా ఈ రామక్క?" అని పక్క ఊళ్ల జనం ఓబుళేసును అడిగారు.

"తెల్దు," అన్నాడు. ఆ పేరు మళ్లీ అతని నోట రాలేదు.