మామగారి కారుకు కొత్త ఇంజను

మామగారు పోయాక ఆయన పాత కారు ఏళ్లుగా ఇంటి వెనక షెడ్డులో దుమ్ము తింటూ ఉంది. వచ్చే ఆదివారం అత్తగారి పుట్టినరోజు నాడు ఆమెను అందులో షికారు తిప్పుతానని అల్లుడు లెక్కల మాస్టారు అందరి ముందూ మాటిచ్చేశారు. మర్నాడు ఉదయాన్నే షెడ్డు తలుపు తీసి తాళం తిప్పితే, కారు ఒకటికి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఇంజను పోయింది," అన్నారు మాస్టారు, నాడి పట్టిన వైద్యుడిలా.

"పోతే పోయింది బావా, వ్యాను ఇంజను వేయిద్దాం. మంచి బలం," అన్నాడు బావమరిది. ఏ విషయంలోనైనా బావకంటే ఒక మాట ఎక్కువ చెప్పకపోతే అతనికి తోచదు.

"సరిపోతుందా?"

"కొలిస్తే పోలా."

మాస్టారి భార్య ఏదో అనబోయింది. అప్పటికే ఇద్దరూ ఆమె కుట్టుమిషను మీది టేపు లాక్కుపోయారు. వెడల్పు చక్కగా సరిపోయింది. పొడుగు రెండోవాడు కొలిచాడని ఎవరికి వారు అనుకున్నారు.

మెకానిక్ వచ్చి పాత ఇంజను దింపి షెడ్డు మూల ఇటుకల మీద పెట్టాడు. కారులో దాన్ని పట్టి ఉంచే బిగింపులు కోసేసి వ్యాను ఇంజను దించితే అది జానెడు ముందుకు పొడుచుకొచ్చింది.

"రేడియేటర్ ముందుకు జరపమంటారా?"

"జరుపు," అన్నారు మాస్టారు, మాట పోతుందన్న భయంతో.

పాత గేర్‌బాక్సు దానికి కలవలేదు. వ్యానుదే వేస్తే గేరు రాడ్డు తిన్నగా డ్రైవరు ఒళ్లోకి వచ్చింది. సీటు వెనక్కి జరిపారు. అందుకు వెనక సీటు అడ్డమైతే తీసేశారు. బ్యాటరీకి బానెట్ కింద చోటు లేక, డ్రైవరు పక్క సీటు కూడా పీకి అక్కడ పెట్టారు.

"ఇప్పుడు అతికినట్టుంది," అన్నాడు బావమరిది.

ఆదివారం కారు వీధంతా అదిరేలా మోగింది. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీతో వచ్చి లోపలికి వంగి చూశారు.

"బాగుంది బాబూ. మరి నేనెక్కడ కూర్చోను?"

మాస్టారు బావమరిది వైపు చూశారు. "అది నువ్వు చూస్తావనుకున్నాను."

"నువ్వు చూస్తావనుకున్నా బావా."

మాస్టారు సిగ్గుతో కారు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో షెడ్డులోంచి మెత్తగా, కుదురుగా ఇంకో చప్పుడు వినిపించింది. మాస్టారి భార్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది, వెనకాలే మెకానిక్.

"అసలు పాత ఇంజనుకేమైందని ఇతన్ని అడిగాను. విప్పి చూడమని ఎవరూ అనలేదట. పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడింది, అంతే. అది తీసి, వేరే బ్యాటరీ తగిలిస్తే మోగింది."

"ముందే చెప్పకూడదటయ్యా?" అన్నారు మాస్టారు.

"మీరు మార్చమన్నారు, మార్చానండి. నాకూ హుషారుగానే ఉండింది."

అత్తగారు అప్పటికే షెడ్డులోకి నడిచారు. ఇటుకల మీద మోగుతున్న ఇంజను ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. "మీ నాన్న వీధి మలుపు తిరుగుతుంటే ఇలాగే వినబడేది," అన్నారు కూతురితో. చాలాసేపు లేవలేదు.

"మళ్లీ బిగించేద్దాం బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"దేనికి బిగిస్తాంరా? బిగింపులన్నీ కోసేశాం కదా."

సోమవారం నుంచి ఇద్దరూ ఆ ఇంజనుకు సరిపడే కారు కోసం వెతకసాగారు.